పాత బండికి ఆయిల్ హోసులు, ఫిట్టింగులు ఎలా మార్చాలి

పాత మోటార్‌సైకిల్ కింద ఆయిల్ చుక్కలు కనిపిస్తే చాలు, అందరి కళ్ళూ ఆ కారే చోటి మీదికే పోతాయి. ఒక క్లిప్ బిగించి, గుడ్డతో తుడిచేసి, పనైపోయిందనుకుంటాం. నిజానికి కారే హోసు మీకు మేలే చేస్తోంది, తన సంగతి తనే చెప్పుకుంటోంది కదా. టెన్షన్ పడాల్సింది పైకి పొడిగా, నల్లగా బాగానే కనిపిస్తూ లోపల పొరలు ఊడిపోతున్న ఫీడ్ హోసు (ట్యాంకు నుంచి ఇంజిన్‌కి ఆయిల్ తెచ్చే గొట్టం) గురించి. అది మూసుకుపోతే చుక్క కూడా కారదు, బిగ్ ఎండ్ (క్రాంక్ దగ్గరి కనెక్టింగ్ రాడ్ బేరింగ్) అరిచేదాకా మీకు తెలియదు. అందుకే పని మొత్తంలో ఎక్కువ శ్రద్ధ ఆ ఒక్క హోసు మీద పెట్టండి, మిగతావి దాని తర్వాతే.

ముందు మీ బండిలో ఆయిల్ ఎటు నుంచి ఎటు పోతుందో తెలుసుకోవాలి. పాత ట్రయంఫ్, బీఎస్ఏ, నార్టన్ బళ్ళన్నీ దాదాపు డ్రై సంప్ పద్ధతే. ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది, దాని అడుగు నుంచి ఒక హోసు ఇంజిన్ పంపుకి వస్తుంది, ఇదే ఫీడ్. ఇంజిన్ అడుగున చేరిన ఆయిల్‌ని పంపులోని రెండో భాగం లాగి మళ్ళీ ట్యాంకు పైభాగంలోకి తోస్తుంది, అది రిటర్న్. 1971 మోడళ్ళ నుంచి బీఎస్ఏ, ట్రయంఫ్ పెద్ద ట్విన్లలో (రెండు సిలిండర్ల బళ్ళలో) ఫ్రేమ్ గొట్టమే ఆయిల్ ట్యాంకు అయింది, యమహా ఎక్స్‌టీ500 కూడా అంతే. 1969లో వచ్చిన హోండా సీబీ750లోనూ పక్కన వేరే ట్యాంకు, హోసులు ఉంటాయి. పాత బుల్లెట్ మాత్రం వేరే రకం. దాని ఆయిల్ ట్యాంకు ఇంజిన్ కేసులోనే పోతపోసి ఉంటుంది కాబట్టి ట్యాంకు హోసుల గొడవ లేదు, మీకు పని పడేది ఎక్కువగా పైన రాకర్లకి (వాల్వులని తెరిచే మీటలకి) వెళ్ళే సన్న పైపులతో, వాటి కొసల్లో ఉంగరంలాంటి బాంజో ఫిట్టింగులని పట్టి ఉంచే గుల్ల బోల్టులతో, అంటే బాంజో బోల్టులతో.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఫీడ్ హోసులో ప్రెషర్ అంటూ పెద్దగా ఉండదు, ఇంజిన్ తిరుగుతుంటే పంపు దాన్ని లాగుతూ ఉంటుంది. కాబట్టి అక్కడ క్లిప్ లూజైతే ఆయిల్ బయటికి రావడం కంటే గాలి లోపలికి పోయే ప్రమాదమే ఎక్కువ. రిటర్న్‌లో ఆయిల్, గాలి కలిసి వస్తాయి, అక్కడా ప్రెషర్ తక్కువే. అసలైన ప్రెషర్ పంపు దాటాక ఇంజిన్ లోపల ఉంటుంది. అందుకే ఈ హోసులకి రేసు బళ్ళ స్టీలు జాలీ హోసులు, రంగురంగుల అల్యూమినియం ఫిట్టింగులు వేయాల్సిన పనే లేదు. చూడ్డానికి బాగుంటాయి, కాదనను, కానీ లోపలి రబ్బరు పాడైతే ఆ జాలీ కింద కనిపించదు, పైగా అది రాసుకున్న చోటల్లా పెయింట్‌నీ అల్యూమినియంనీ ఆకురాయిలా అరగదీస్తుంది.

హోసు ఎంచుకోవడం

రబ్బరు అంటే అన్నీ ఒకటి కాదు. మీకు కావాల్సింది నైట్రైల్ రబ్బరు లోపొర, మధ్యలో దారం అల్లిక ఉన్న హోసు. మీద ఎస్ఏఈ 30ఆర్7 అనో, హైడ్రాలిక్ రకమైతే ఎస్ఏఈ 100ఆర్6 అనో ముద్ర ఉంటే ఈ పనికి సరిపోతుంది. రేడియేటర్‌కి వాడే ఈపీడీఎం హోసు వేడినీళ్ళకి భేషుగ్గా ఉంటుంది గానీ మినరల్ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. మామూలు సిలికాన్ హోసు కూడా వేడి ఆయిల్‌కి పనికిరాదు. పెట్రోలుకి కొందరు వేసే పారదర్శక ప్లాస్టిక్ గొట్టం అయితే అసలు వద్దు, వేడికి మొదట మెత్తబడుతుంది, కొన్నాళ్ళకి గాజులా గట్టిపడి ఒకరోజు పుటుక్కున విరుగుతుంది.

కొలత దగ్గర తొందరపడకండి. పాత ఇంగ్లిష్ బళ్ళ గొట్టాలు అంగుళాల్లో ఉంటాయి, షాపులో హోసు మిల్లీమీటర్లలో దొరుకుతుంది. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్ల హోసు దానికి సరిపోతుంది. 1/4 అంగుళానికి 6 మిల్లీమీటర్లది కాస్త బిగుతుగా ఎక్కుతుంది, ఫరవాలేదు. 3/8 అంగుళం దగ్గరే చిక్కంతా. అది 9.5 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్ల హోసు చేత్తోనే సుళువుగా జారిపోతే సంతోషపడకండి, ఆ అర మిల్లీమీటరు ఖాళీని క్లిప్‌తో నొక్కి సరిచేయాలంటే రబ్బరు ఒకచోట మడత పడుతుంది, ఆ మడత పక్క నుంచి గాలి పోతుంది. 3/8 అని ముద్ర ఉన్నదే వెతికి తెచ్చుకోండి. ఫీడ్‌కి పాతదానికంటే సన్నది ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకూడదు, చలికాలం పొద్దున చిక్కటి ఆయిల్‌ని పంపు ఆ సందులోంచే లాక్కోవాలి మరి.

కొనేముందు హోసుని బొటనవేళ్ళతో గట్టిగా వంచి చూడండి. వంపు బయటివైపు సన్న వెంట్రుకల్లాంటి పగుళ్ళు కనిపిస్తే అది షెల్ఫు మీదే ముసలిదైపోయినట్టు. ఎంత చవకగా ఇచ్చినా తిప్పి ఇచ్చేయండి.

థ్రెడ్లు, పానాలు

పాత బళ్ళ దగ్గర చేతులు కాల్చుకునేది ఎక్కువగా ఇక్కడే. ఒక ఫిట్టింగ్ పోయిందని చూడ్డానికి అలాంటిదే ఇంకోటి తెచ్చి తిప్పితే రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, తర్వాత బిగుస్తుంది, పానా వేసి ఇంకాస్త తిప్పితే ఇంజిన్ కేసులోని అల్యూమినియం థ్రెడ్ ఊడి చేతికొస్తుంది. పాత ఇంగ్లిష్ బళ్ళ ఆయిల్ యూనియన్లలో (పైపుని కలిపే నట్ ఫిట్టింగుల్లో) బీఎస్పీ, అంటే బ్రిటిష్ పైపు థ్రెడ్ చాలా ఎక్కువ. 1/8 బీఎస్పీ మగ థ్రెడ్ బయటి కొలత 9.73 మిల్లీమీటర్లు, అంగుళానికి 28 చుట్లు. మెట్రిక్‌లో 10 మిల్లీమీటర్లు, 1 మిల్లీమీటర్ పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) ఉన్న థ్రెడ్ దీనికి కవల సోదరుడిలా కనిపిస్తుంది, కానీ బీఎస్పీ పిచ్ 0.907 మిల్లీమీటర్లు, పైగా దాని కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌ది 60. 1/4 బీఎస్పీ అయితే 13.16 మిల్లీమీటర్లు, అంగుళానికి 19 చుట్లు. అమెరికన్ బళ్ళలో కనిపించే ఎన్‌పీటీ (అమెరికన్ పైపు థ్రెడ్) ఇంకో తలనొప్పి, 1/8కి 27 చుట్లు, 1/4కి 18, పైగా అది కొసకి పోయేకొద్దీ సన్నబడుతుంది. దాన్ని నేరుగా ఉండే బీఎస్పీ రంధ్రంలో బిగిస్తే మేకు దిగ్గొట్టినట్టే, కేసు పగిలినా ఆశ్చర్యం లేదు. ఒక వెర్నియర్, ఒక థ్రెడ్ గేజ్ దగ్గర పెట్టుకుని కొలవండి. గేజ్ పళ్ళని థ్రెడ్ మీద పెట్టి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే, ఎక్కడా సన్న వెలుగు గీత కనిపించకుండా కూర్చుందంటే అదే సరైనది.

పానాల విషయం కూడా చెప్పాలి. విట్‌వర్త్ (పాత ఇంగ్లిష్ బోల్టుల కొలత) పానా మీద 1/4 అని ఉంటే అది బోల్టు లావు, పానా నోటి వెడల్పు కాదు. ఆ నోరు 13.3 మిల్లీమీటర్లు ఉంటుంది, అందుకే 13 ఎక్కదు, 14 వేస్తే మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. ఇత్తడి యూనియన్ నట్ల మూలలన్నీ అరిగిపోయి, పైపు పానా పళ్ళ గాట్లతో ఉన్నాయంటే, అంతకుముందు ఎవరో ఇలాగే చేశారని అర్థం. నాలుగు విట్‌వర్త్ పానాలు కొనుక్కోండి, అవి జీవితాంతం పనికొస్తాయి.

పాతవి తీయడం

ఇంజిన్‌ని ఓ పది నిమిషాలు నడిపి ఆయిల్ వెచ్చబడ్డాక ఆపండి. మరిగే వేడి వద్దు, చెయ్యి కాలుతుంది. ట్యాంకు, ఇంజిన్ రెండింటి డ్రెయిన్ ప్లగ్గులూ తీయండి, ఎందుకంటే నిలబెట్టిన బండిలో ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా ఇంజిన్ అడుగుకి దిగిపోయి ఉంటుంది. హోసులు ఊడదీసేముందు నాలుగువైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి, ఫీడ్‌కి ఎర్ర టేపు, రిటర్న్‌కి ఇంకో రంగు, రెండు కొసలకీ చుట్టండి. ఇంజిన్ కింద రెండు గొట్టాలూ ఒకే దిమ్మెలోంచి పక్కపక్కనే వచ్చే బళ్ళలో ఇవి తారుమారు కావడం చాలా మామూలు, తారుమారైతే ఇంజిన్‌కి ఆయిల్ అందదు, అంతే సంగతులు. టేపు వేయని బండి మీ చేతికొస్తే గుర్తు ఇదొక్కటే: ట్యాంకు అడుగున జాలీ ఫిల్టర్ నుంచి బయల్దేరేది ఫీడ్, మూత తీస్తే లోపల పైన నోరు కనిపించేది రిటర్న్.

ఏళ్ళ తరబడి ఉన్న హోసు లాగితే రాదు. మెలితిప్పి పీకితే ట్యాంకుకి అతికించిన పల్చటి గొట్టం అతుకు దగ్గర కదిలిపోతుంది, అది వెల్డింగ్ దాకా పోయే పని. పదునైన బ్లేడుతో హోసుని పొడుగునా చీల్చి ఒలిచేయండి. బ్లేడుని లోపలి గొట్టానికి తగలనీయకుండా పైపైన రెండుసార్లు గీయండి, గొట్టం మీద నిలువు గీత పడితే కొత్త హోసు ఎంత బిగించినా ఆ గీత వెంబడి ఆయిల్ చెమ్మ వస్తూనే ఉంటుంది.

తీసిన ఫీడ్ హోసుని పారేయకండి. నిలువుగా కోసి పుస్తకంలా తెరిచి చూడండి. లోపొర నున్నగా, ఒకే రంగులో ఉంటే మంచిది. పొక్కులు లేచి ఉన్నా, వేలితో గీకితే నల్లటి పొట్టు ఊడినా, ఎక్కడైనా ఒక ముక్క లేకపోయినా ఆ ముక్క ఎక్కడికి పోయిందో వెతకాల్సిందే. ట్రయంఫ్ ప్లంజర్ పంపులో చిన్న గోళీలు వాల్వులుగా పనిచేస్తాయి, ఒక గోళీ కింద ఇసుక రేణువంత రబ్బరు ఇరుక్కున్నా చాలు, ఆ వైపు పంపు పనిచేయడం మానేస్తుంది. అలాంటప్పుడు పంపు విప్పి కడగకుండా కొత్త హోసు వేయడం దండగ. ఎలాగూ ట్యాంకు ఖాళీగానే ఉంది కాబట్టి జాలీ ఫిల్టర్ తీసి కిరసనాయిలుతో కడగండి, ట్యాంకు అడుగున పేరుకున్న నల్లటి మడ్డి కూడా. తీసిన ప్రతి నోటికీ వెంటనే శుభ్రమైన రబ్బరు మూత పెట్టండి. గుడ్డ పీలికలు కుక్కడం నాకు నచ్చదు, దారప్పోగులు లోపలికి పోతాయి, లేదా మొత్తం గుడ్డనే మర్చిపోతాం.

వాషర్లు, బాంజోలు, రాగి పైపులు

ఫైబర్ వాషర్లు ఒకసారి తీస్తే పారేయడమే. రాగి వాషర్లు మళ్ళీ వాడొచ్చు, కానీ బిగించిన రాగి గట్టిపడి ఉంటుంది, మెత్తబరచాలి. సన్న తీగకి గుచ్చి మంట మీద పట్టుకుని, మసక వెలుతురులో ముదురు ఎరుపుగా కనిపించగానే నీళ్ళలో వేయండి. స్టీలులా రాగి నీళ్ళలో ముంచితే గట్టిపడదు, పైగా నల్లటి పొట్టు కూడా ఊడిపోతుంది. తర్వాత గాజు పలక మీద సన్న ఎమరీ కాగితం పరిచి రెండువైపులా రుద్దితే వాషర్ అద్దంలా చదునవుతుంది. అంచుల్లో గాడి లోతుగా పడిపోయి ఉంటే మాత్రం కొత్తదే వేయండి.

బాంజో బోల్టు లోపల గుల్ల, అడ్డంగా రంధ్రం కూడా ఉంటుంది, కాబట్టి అదే సైజు మామూలు బోల్టుకి ఉన్న బలంలో సగం కూడా దీని నుంచి ఆశించకండి. పొడవైన పానా వేసి కండబలం చూపిస్తే తల తెగి మిగతా సగం హెడ్‌లో ఉండిపోతుంది. వాషర్లు బాంజోకి రెండువైపులా ఉండాలి, ఒకటి మర్చిపోయి ‘ఎంత బిగించినా కారుతోంది’ అనేవాళ్ళు చాలామంది. కొన్ని ఇంజిన్లలో రాకర్లకి పోయే బోల్టు రంధ్రం ఎంత ఆయిల్ పోవాలో లెక్కగట్టి పెట్టినది, అలాంటి చోట పెద్ద రంధ్రం ఉన్న బోల్టు వేస్తే పైన ఆయిల్ వరద, కింద కరువు. పాత బోల్టు పక్కన పెట్టి, రెండు రంధ్రాల్లోనూ ఒకే డ్రిల్ బిట్ దూర్చి చూసి సరిపోల్చుకోండి.

రాగి పైపులు వైబ్రేషన్‌కి గట్టిపడి, అతుకు పక్కనే పగులుతాయి. పైపుని విప్పి ఒకసారి మెత్తబరచడం, దాన్ని ఫిట్టింగ్‌కి లాగిపెట్టి కాకుండా ముందే దాని దారిలో వంచి, చేత్తో పెడితే రంధ్రానికి రంధ్రం కలిసేలా చేసుకోవడం మంచిది. పైపుని బలవంతంగా నెట్టి నట్ ఎక్కిస్తే ఆ బిగువు ఎప్పటికీ అందులోనే ఉంటుంది, పగులు అక్కడే మొదలవుతుంది.

థ్రెడ్లకి తెల్ల టేపు, సిలికాన్ పేస్టు వాడే అలవాటుంటే ఇక్కడ మానుకోండి. నేరు థ్రెడ్ యూనియన్లలో ఆయిల్‌ని ఆపేది థ్రెడ్ కాదు, దాని మొహం, అక్కడుండే వాషర్ లేదా కోన్. చుట్టిన టేపు తెగి ముక్కలై సన్న దారుల్లోకి పోతే ఎక్కడ ఇరుక్కుంటుందో దేవుడికే తెలియాలి.

కొత్తవి ఎక్కించడం

హోసు కోయడానికి రంపం వద్దు, పొట్టంతా లోపల చేరుతుంది. కొత్త బ్లేడుకి చుక్క ఆయిల్ రాసి నిటారుగా ఒక్క కోత కోయండి. కోశాక కిరసనాయిలు పోసి, గాలి ఊది, వెలుతురుకి ఎదురుగా పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరికి చూడండి. పొడవు పాతదాన్ని చూసి కొయ్యకండి, అది ఏళ్ళ తరబడి ఎండి కుంచించుకుపోయి ఉండొచ్చు, కాస్త ఎక్కువ ఉంచుకుని బండి మీదే పెట్టి సరిచూసుకోండి. నార్టన్ కమాండో లాంటి బళ్ళలో ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఫ్రేమ్‌తో సంబంధం లేకుండా ఊగుతుంది, హోసుకి ఆ ఊగడానికి సరిపడా వదులు ఉండాలి, కానీ చైన్‌కో సైలెన్సర్ పైపుకో తగిలేంత కాదు. ఎక్కడైనా మలుపు తీక్షణంగా ఉంటే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు గుండ్రంగానే కనిపించినా వేడెక్కి రబ్బరు మెత్తబడ్డాక బల్లపరుపుగా నొక్కుకుపోతుంది. అలాంటి చోట పొడవు పెంచి వంపు పెద్దది చేయండి, లేదా ఒక ఎల్‌బో వేయండి.

గొట్టానికి కొద్దిగా శుభ్రమైన ఆయిల్ రాసి, హోసుని తిప్పుతూ గొట్టం చివరి ఉబ్బు దాటేదాకా నెట్టండి. క్లిప్ ఆ ఉబ్బుకి ఇవతల, హోసు కొస నుంచి కాస్త లోపలికి రావాలి. స్క్రూతో బిగించే మామూలు క్లిప్పుల పట్టీలో గాళ్ళు ఉంటాయి, అవి మెత్తటి రబ్బరులోకి దిగి కోస్తాయి, సన్న హోసులకి అవి గుండ్రంగా కూడా కూర్చోవు. అంచులు పైకి మడిచి, లోపలివైపు నున్నగా ఉండే ఇంజెక్షన్ రకం క్లిప్పులు వేసుకోండి. బిగింపు ఎంత అంటే, రబ్బరు పట్టీ పక్కన కొద్దిగా ఉబ్బితే చాలు, పట్టీలోంచి పొంగి వచ్చిందంటే ఎక్కువైంది. ఫీడ్ వైపు ప్రతి జాయింట్‌నీ బిగించాక ఒకసారి చేత్తో మెలితిప్పి చూడండి, కదలకూడదు.

ఫీడ్ హోసులో ట్యాప్ పెట్టుకుంటే ఆయిల్ కిందికి దిగదు కదా అని కొందరు పెట్టుకుంటారు. ఒక్కరోజు తెరవడం మర్చిపోతే ఇంజిన్ ఖతం, అందుకే నేను వద్దనే అంటాను. తప్పదంటే ట్యాప్ తెరిస్తేనే ఇగ్నిషన్ వచ్చేలా స్విచ్ ఉన్నది పెట్టండి.

స్టార్ట్ చేసేముందు

హోసులు ఎక్కాయి కదా అని వెంటనే కిక్ కొట్టకండి, లోపలంతా గాలే ఉంది. ట్యాంకులో కొత్త ఆయిల్ పోసి, ఇంజిన్ దగ్గర ఫీడ్ కొసని ఊడదీసి కింద గిన్నె పెట్టండి. మొదట బుడగలతో ఉమ్ముతూ వస్తుంది, తర్వాత బుడగ లేకుండా తాడులా కారుతుంది, అప్పుడు వెంటనే తగిలించి బిగించండి. రాకర్ మూతలు తీసి వాల్వుల మీద కాస్త ఆయిల్ పోయండి. స్పార్క్ ప్లగ్ తీసేసి, టాప్ గేర్‌లో వేసి వెనక చక్రం తిప్పుతూనో, కిక్ నెమ్మదిగా తొక్కుతూనో ఇంజిన్ తిప్పండి, ట్యాంకు మూత తీసి రిటర్న్ నోటి వైపు చూస్తూ ఉండండి. అక్కడ ఆయిల్ కనిపించే దాకా ఓపిక పట్టాలి, కాళ్ళు నొప్పి పుడతాయి, అయినా సరే.

అప్పుడు ప్లగ్ పెట్టి స్టార్ట్ చేసి, కాస్త ఫాస్ట్ ఐడిల్‌లో ఉంచి మళ్ళీ రిటర్న్ చూడండి. అర నిమిషంలో ఆయిల్ రాకపోతే ఆపేయండి, ‘కాసేపాగితే వస్తుందిలే’ అనుకోవద్దు. వచ్చేది ఆగి ఆగి, గాలి బుడగలతో చిమ్ముతూ వస్తే కంగారు పడకండి, లాగే పంపు సామర్థ్యం ఫీడ్ కంటే ఎక్కువ కాబట్టి అడుగు ఖాళీ అయినప్పుడల్లా అది గాలినే లాగుతుంది, డ్రై సంప్‌లో అది ఆరోగ్య లక్షణమే. ఆయిల్ లెవెల్ ఇంజిన్ ఆపిన వెంటనే చూడండి. రెండు వారాలు నిలబెట్టిన బండిలో ట్యాంకు ఖాళీగా కనిపించిందని నింపేస్తే, స్టార్ట్ చేశాక కింద ఉన్నదంతా పైకి వచ్చి బ్రీదర్ (గాలి పోయే గొట్టం) లోంచి పొంగి వెనక టైరు మీద పడుతుంది, ఆ టైరుతో మలుపు తిరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మొదటిసారి దగ్గరలోనే ఓ రౌండు వేసి రండి. ఇంజిన్ చల్లారాక క్లిప్పులన్నీ మళ్ళీ ఒకసారి చూడండి, వేడికి రబ్బరు సర్దుకుని అర చుట్టు వదులవుతుంది. రెండో మూడో వేడిమి తర్వాత ఇంక కదలవు. హోసు మీద మార్కర్‌తో మార్చిన సంవత్సరం రాసి పెట్టుకోండి, నేనైతే ఫీడ్ హోసుని, బాగున్నా బాగోకపోయినా, అయిదారేళ్ళకోసారి మార్చేస్తాను. రిటర్న్ హోసు కారడం మొదలుపెట్టేదాకా ఆగొచ్చు.